సుగుణమ్మ సిస్టరు ఇనుప టోపీ

మా మనవరాలికి మిర్యాలగూడ బ్యాంకులో ఉద్యోగం. మొన్న ఆదివారం బండి మీద సూర్యాపేట వచ్చింది. వచ్చీ రాగానే హెల్మెట్ తీసి నా ఒళ్లో పెట్టి మంచినీళ్లకు లోపలికి పోయింది. దాంట్లోంచి వెచ్చటి ఆవిరి వచ్చింది. చెమట, కొబ్బరినూనె, ఎండకు కాగిన రబ్బరు, మూడూ కలిసిన వాసన. నేను దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని అట్లాగే కూర్చుండిపోయాను. తిరిగి వచ్చిన పిల్ల నవ్వింది. "వాసన సూసుడేంది తాతా, జర తలకు పెట్టుకో, ఒకటి సూపిస్త" అని తానే నా తలకు తొడిగింది. లోపల చెవులకు ఆనుకుని మెత్తటి బిళ్లలున్నాయి. ఆ పిల్ల ఫోను పట్టుకుని గేటు దాటి రోడ్డు మీదికి పోయింది. కొంచెం సేపటికి నా పుర్రె లోపలినుంచి ఆమె గొంతు, "తాతా, వినొస్తున్నానా?" అంది. పిల్ల తిరిగి వచ్చేసరికి నేనింకా టోపీ తియ్యలేదు.

నాకు తొంభై రెండేళ్లని అందరితో అంటాను. నిజానికి ఎనభై తొమ్మిదే. తొంభై దాటాయంటే బస్సులో సీటిచ్చేవాళ్లు కాస్త తొందరగా లేస్తారు. ఆ రోజు మనవరాలితో కూడా, "ఇసుంటి టోపీ నీ బ్లూటూతు పుట్టకముందే నేను తయారు జేసిన బిడ్డా" అన్నాను. అదీ పూర్తిగా నిజం కాదు. టోపీ చేసింది ఎవరో నాకు తెలియదు. దాని తీగలను వైర్‌లెస్ సెట్టుకు కలిపింది మాత్రం నేను. మొదటిసారి తప్పుగా కలిపాను. ఆ టోపీ పెట్టుకున్న మనిషి గురించి మాత్రం నేను కల్పించి చెప్పవలసిన పని లేదు. తన గురించి కావలసినంత తానే కల్పించి చెప్పుకునేది.

ఆమె పేరు సుగుణమ్మ. సూర్యాపేట దవాఖానలో నర్సు. పుట్టింది కోదాడ అవతల, అందుకని ఆమె మాటలో కృష్ణా జిల్లా గాలి వీచేది. నలభై దాటిన వయసు, ద్వారబంధానికి తల తగిలేంత ఎత్తు, చేతిలో పట్టనంత పెద్ద కొప్పు. భర్త ఏమయ్యాడని అడిగితే ఒకరికి రంగూనులో ఉన్నాడని, ఇంకొకరికి సన్యాసుల్లో కలిశాడని చెప్పేది. అడిగినవాడి ముఖం చూసి, వాడికి ఏ కథ నచ్చుతుందో అదే చెప్పేదని నాకు తర్వాత తెలిసింది.

రజాకార్ల రోజులు పోయి, మిలిటరీ వచ్చిన మరుసటి వానాకాలం అది. ఊరూరా తిరిగి మశూచి టీకాలు వేయడానికి మిలిటరీ వాళ్లు తమ పాత వ్యాను ఒకదాన్ని దవాఖానకు ఇచ్చారు. నేనప్పుడు మిర్యాలగూడలో ఒక రైసుమిల్లు లారీ నడిపేవాణ్ణి. గొర్రెలు కాసే ఇంట్లో పుట్టి స్టీరింగు పట్టిన మొదటివాణ్ణని మా వాళ్లకు నేనంటే గొప్ప. కలెక్టరు స్వయంగా పిలిచి వ్యాను తాళం నా చేతిలో పెట్టాడని చాలాకాలం చెప్పుకున్నాను. పెట్టింది కలెక్టరు కాదు, దవాఖాన జవాను. పంపింది మా మిల్లు సేటు, అదీ నేను స్టీరింగు మీదే కునుకు తీస్తానని వదిలించుకోవడానికి.

మొదటి రోజు సుగుణమ్మ వ్యాను చుట్టూ ఒకసారి, నా చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఏమయ్యా, బండి నడపడం వచ్చా?"

"వస్తదమ్మా."

"గోతులు తప్పించి నడపడం వచ్చా అంటున్నా. లోపల మందు సీసాలుంటాయి. ఒకటి పగిలినా ఆ గాజుపెంకులు నీచేతే ఏరిస్తా. నీది ఏ ఊరు?"

చెప్పాను.

"అయితే మీ అమ్మకు పురుడు పోసింది నేనే అయ్యుంటా. ఈ తాలూకాలో సగం మంది నా చేతుల మీదే పుట్టారు" అంది.

నేను పుట్టేనాటికి ఆమెకు పదహారేళ్లుంటాయేమో. ఆ లెక్క నా తలలో తిరిగింది కానీ ఆమె చెప్పే తీరుకు నమ్మేశాను. ఇంటికి పోయి మా అమ్మతో, "నన్ను వట్టిన నర్సమ్మ దగ్గర్నే నౌకరీ దొరికింది" అన్నాను. మా అమ్మ, "నిన్ను వట్టింది మీ ముత్తవ్వ. గా నర్సెవలు?" అంది. మరునాడు సుగుణమ్మను అడిగితే, "మీ అమ్మకు అప్పుడు స్పృహ ఉండి ఉండదులే" అని తేల్చేసింది. ఆమెతో ఎవరూ గెలవలేరు.

అప్పట్లో దారులు నమ్మకంగా లేవు. ఎక్కడ రోడ్డు తవ్వేశారో, ఎక్కడ చెట్టు అడ్డం పడేశారో పోతే గానీ తెలిసేది కాదు. అందుకని వైర్‌లెస్ లేకుండా వ్యాను ఊరు దాటకూడదని మిలిటరీ క్యాంపు పట్టుబట్టింది. డ్రైవరు సీటు వెనక ఇనుప పెట్టె ఒకటి బిగించారు. అటు మాట ఇటు, ఇటు మాట అటు తెచ్చే సెట్టు అది. ఇంజను రొదలో దాని మాట వినపడాలంటే చెవులకు బిళ్లలు కావాలి. విడి బిళ్లలు క్యాంపులో లేవు. ట్యాంకు నడిపేవాళ్ల ఇనుప టోపీలో తోలుతో కుట్టినవి ఒక జత ఉన్నాయి. ఆ టోపీకి తోకలా వేలాడే తీగ చివరి ప్లగ్గు మా పెట్టెకు పట్టలేదు. దాన్ని కోసి, తీగలు విప్పి, వేరే ప్లగ్గుకు కలపాలి.

క్యాంపులో వైర్‌లెస్ చూసేది ఒక మద్రాసు హవల్దారు. తెలుగు కూడబలుక్కుని మాట్లాడేవాడు. టోపీ తోకను కోసి నా ముందు జతలు జతలుగా విడదీశాడు. "ఇది చెవి. ఇది నోరు. ఇది వేలు" అన్నాడు. చెవి అంటే వినే జత. నోరు అంటే చేతిలో పట్టుకునే మైకుది. వేలు అంటే ఆ మైకు పక్కనుండే మీటది. నేను బ్యాటరీ తీగలు కలిపినవాణ్ణే కదా అనే ధీమాతో, ఆయన బీడీ ముట్టించుకుని వచ్చేలోపల అన్నీ కలిపేశాను. ఆయన చూసి సెల్యూట్ కొట్టాడని మా పిల్లలకు చెప్పేవాణ్ణి. సెల్యూట్ కాదు, నెత్తిమీద మొట్టాడు. చెవిని తీసుకుపోయి వేలికి కలిపానట. టోపీ మూగబోయింది, పెట్టె మీది ముల్లు లేచి అట్లాగే నిలబడింది. ఆ ముల్లు మన మాట బయటికి పోతున్నప్పుడే లేవాలి. మళ్లీ విప్పి, ఆయన చూస్తుండగా కలిపాను. ఆ మధ్యాహ్నమంతా దాంతోనే సరిపోయింది. అప్పుడు ఆయన ఇంకో సెట్టు దగ్గరికి పోయాడు. నేను టోపీ పెట్టుకుని కూర్చున్నాను.

"లింగయ్యా" అన్నాడు టోపీలోంచి.

నేను టోపీ తీసి లోపల చూశాను. నిజంగా చూశాను, దాంట్లో ఎవరైనా ఉన్నారేమోనని. టోపీ చేతిలోంచి జారి కిందపడింది. అందుకే దాని ముందంచుకు ఒక సొట్ట ఉండేది. అది లడాయిలో తగిలిన గుండు దెబ్బ అని తర్వాత నేనే ప్రచారం చేశాను.

సుగుణమ్మ తలకు టోపీ పట్టలేదు. కొప్పు అడ్డం వచ్చింది.

"కొప్పు విప్పితే పడుతుంది" అన్నాడు హవల్దారు.

"జుట్టు విరబోసుకుని నెత్తిన ఇనుపకుండ పెట్టుకుని ఊళ్లోకి పోతే నన్ను వేపమండలతో కొడతారు" అని, కొప్పును మెడ మీదికి దించి కట్టుకుంది. టోపీ దిగింది. అద్దం తెమ్మని, చాలాసేపు చూసుకుంది.

హవల్దారు మైకు చేతికిచ్చి చెప్పాడు, "నొక్కు, చెప్పు. వదులు, విను. నొక్కి ఉంటే వినపడదు. తెలిసిందా?"

"ఊఁ" అంది సుగుణమ్మ.

"చెప్పడం అయ్యాక వదలాలి."

"ఊఁ ఊఁ."

ఈ ఊఁ గురించి ఇక్కడ రెండు మాటలు చెప్పాలి. ఇప్పటి పిల్లలు ఫోను చూసుకుంటూ తలాడిస్తారు. మా రోజుల్లో ఎదుటివాడు మాట్లాడుతుంటే మాట మాటకూ ఊఁ అనాలి. అనకపోతే చెప్పేవాడు మధ్యలో ఆగి, "ఇంటున్నవా, పండుకున్నవా?" అంటాడు. పెద్దవాళ్ల ముందు ఊఁ అనకపోతే పొగరు. సుగుణమ్మకయితే ఊఁ అనేది ఒక వైద్యం. ముసలమ్మలు కడుపునొప్పి కథను కోడలి కథతో కలిపి గంటలకొద్దీ చెప్పినా, ఆమె కట్టు కడుతూ ఎక్కడ అనాలో అక్కడ ఊఁ అనేది. ఆమె ఊఁ కోసమే రోజూ వచ్చే ముసలమ్మలుండేవారు. అయితే ఆ ఊఁలో "నాకు తెలుసులే" అన్న ధ్వని కూడా కొంచెం ఉండేది. ఆమెకు తెలియనిదంటూ లేదు కదా మరి.

టోపీతో మొదట పోయిన ఊరు వేములపల్లి. ఖాకీ బండి, దాంట్లోంచి ఇనుప టోపీ పెట్టుకున్న ఎత్తయిన ఆకారం దిగడం చూసి, నాట్లు వేస్తున్నవాళ్లు నారుకట్టలు అక్కడే పడేసి ఉరికారు. పరుగెత్తలేని ముసలాయన ఒక్కడు గట్టు మీద మిగిలాడు. దగ్గరికి పోయాక టోపీ కింద ముక్కుపుడక చూసి ఆయనకు ధైర్యం వచ్చింది.

"ఆడమనిషివా? గా నెత్తి మీదేంది? ఎవలతోటి మాట్లాడుతున్నవ్?"

"ఢిల్లీతో" అంది సుగుణమ్మ, కన్నార్పకుండా.

"అట్లయితే మా మోటబాయి కూలిందని జెప్పు."

సుగుణమ్మ మీట నొక్కి, "వేములపల్లిలో బావి కూలిందండీ" అంది. మీట వదిలి కాసేపు వింది. సూర్యాపేట క్యాంపులో కూర్చున్న హవల్దారు ఏమన్నాడో మరి.

"ఏమంటుంది ఢిల్లీ?" అన్నాడు ముసలాయన.

"చూద్దాం అంటోంది."

ముసలాయన తల పంకించి, "ఢిల్లీయే. అనుమానం లేదు" అన్నాడు. వెనక్కి తిరిగి పొలాల వైపు చెయ్యూపి అందరినీ పిలిచాడు. ఆ రోజు టీకా వద్దన్నవాడు లేడు. ఒక్కొక్కరూ ఢిల్లీకి ఒక మాట చెప్పి, చెయ్యి చాచి టీకా వేయించుకుని పోయారు.

తిరిగి వస్తూ అడిగాను. "ఢిల్లీ అని అంత పెద్ద అబద్ధం జెప్తివేందమ్మా?"

"సూర్యాపేట అంటే చెయ్యి చాపుతారా? పిల్లకాయల ముఖాల మీద మచ్చలు పడకుండా ఉండటానికి ఢిల్లీ ఏం ఖర్మ, లండన్ అనైనా చెబుతా. నువ్వు రోడ్డు చూడు."

నాకు ఆ మాట బాగా నచ్చింది. గొప్పలు చెప్పే విద్యలో అప్పటికే నాకు కొంత ప్రవేశముంది. ఆమె దగ్గర దాన్ని సానబెట్టుకున్నాను. ఆ వానాకాలం నడిమధ్యలో మూసీ ఒడ్డున జరిగింది చూసేదాకా, ఆమె దగ్గర నేర్చుకోవలసింది అంతకన్నా ఏమీ లేదనే అనుకున్నాను.

పెద్దవూర వైపు టీకాలు ముగించుకుని మిర్యాలగూడ మీదుగా సూర్యాపేట వస్తున్నాం. పొద్దు నడినెత్తి దాటింది. దారిలో ఒక ఊరి మొగదల ఒకతను రోడ్డుకు అడ్డం నిలబడి రెండు చేతులూ ఎత్తాడు. పేరు సైదులు. అతని భార్య ముత్యాలమ్మ ఉదయం మగపిల్లవాణ్ణి కన్నది. పిల్లవాడు బాగానే ఉన్నాడు. మాయ పడలేదు. నెత్తురు ఆగడం లేదు. మంత్రసాని చేతులెత్తేసింది.

"నువ్వు తాలూకంత పురుళ్లు వోసినవంట గదమ్మా. జెప్పిండ్రు" అన్నాడు సైదులు.

సుగుణమ్మ ఒక క్షణం అతన్ని చూసింది. "బండెక్కించు" అంది.

ముత్యాలమ్మను మంచంతో సహా తెచ్చి వ్యానులో దించారు. ఇరవై ఏళ్లుంటాయో లేవో. పెదవులు చెరుకు పిప్పిలా తెల్లబారాయి. సైదులు పిల్లవాణ్ణి తువ్వాలలో చుట్టుకుని పక్కన కూర్చున్నాడు. దవాఖానలో డాక్టరు గారున్నారు, మూసీ దాటితే సూర్యాపేట ఎంతో దూరం లేదు. ఆ రోజు నేను గాలిలో పోయినట్టు నడిపానంటాను. అంతేం లేదు, గతుకు గతుకుకూ ఆమె మూలిగిందని నెమ్మదిగానే నడిపాను.

మూసీ దగ్గరికి వచ్చి బ్రేకు వేశాను. ఎగువన ఎక్కడో కురిసిన వాన అది. నది మీద రాళ్లు పరిచిన దారి కనపడటం లేదు. బురదనీళ్లు దాని మీదుగా చెట్టు కొమ్మలతో సహా పోతున్నాయి. ఇంజను ఆపేశాను. ఆపగానే నీళ్ల చప్పుడు, వెనక ముత్యాలమ్మ మూలుగు రెండూ వినపడ్డాయి.

సుగుణమ్మ టోపీ పెట్టుకుని మీట నొక్కి హవల్దారుతో సంగతి చెప్పింది. పెద్ద మిలిటరీ లారీ పంపుతామని, నీళ్లు కొంత తగ్గితే గానీ అదైనా దాటలేదని, ఈలోపల డాక్టరు గారిని సెట్టు దగ్గరికి పిలిపిస్తున్నామని వాళ్లన్నారట. కొంతసేపటికి ఆమె నడుము నిటారుగా అయింది. డాక్టరు గారు మాట్లాడుతున్నారని అర్థమయింది. ఒక చేత్తో మైకు పట్టుకుని, ఇంకో చెయ్యి ముత్యాలమ్మ మీద వేసి, ఆమె వినసాగింది.

"ఊఁ డాక్టరు గారూ" అంది. కాసేపాగి, "ఊఁ." మళ్లీ, "ఊఁ ఊఁ, తెలుసండీ."

నేను సీటు వెనక పెట్టె దగ్గర వంగి ఉన్నాను. పెట్టె మీది ముల్లు లేచింది. పడింది. లేచింది. పడింది. నీళ్లను చూసి మొద్దుబారిన బుర్రకు అది ఏమిటో వెంటనే తట్టలేదు. ఊఁ అన్నప్పుడల్లా ముల్లు లేస్తోంది. అంటే ఆమె ఊఁ అన్నప్పుడల్లా మీట నొక్కుతోంది. పెద్దమనిషి చెబుతుంటే ఆయనకు వినపడేట్టు ఊఁ అనాలి కదా. నొక్కినంతసేపూ ఆయన మాట రాదు. ఆ మాట ఊఁ కింద పడి పోతోంది.

ఆమె నా వైపు చూడకుండానే, "తాడు పట్టుకుని లాగమంటున్నారు. నెమ్మదిగా" అంది. ఆమె చెయ్యి, లోపలి మాయ నుంచి వేలాడుతున్న బొడ్డుతాడు వైపు పోయింది.

నేను సీటు మీదినుంచి దూకి ఆమె చేతిలోని మైకు లాక్కున్నాను.

"ఏయ్, ఏం చేస్తున్నావురా?" అంది. అంతకుముందు ఎన్నడూ నన్ను రా అనలేదు.

"నువ్వు ఊఁ అన్నప్పుడల్ల ఆయన మాట తెగుతుందమ్మా. సగమే వినొచ్చింది నీకు. ముట్టకు" అని, మీట నొక్కి, "డాక్టర్ సాబ్, లింగయ్యను. ఇందాకటిది మల్ల మొదటికెళ్లి జెప్పుండ్రి" అన్నాను. మీట వదిలాను.

ఆయన చెప్పింది నాకు వినపడదు, చెవులు ఆమెవి. నేను ఆమె ముఖం చూస్తున్నాను. చూస్తుండగానే ఆ ముఖంలో నెత్తురు లేకుండా పోయింది. మంచం మీద ఉన్న మనిషికీ ఆమెకూ తేడా లేకపోయింది. తాడు మీదికి పోయిన చెయ్యి గాలిలో ఆగి, వెనక్కి వచ్చి, చీర కుచ్చిళ్లను పట్టుకుంది. డాక్టరు గారు అన్నదేమిటో ఆ రాత్రి హవల్దారు చెబితే తెలిసింది. మాయ పడకపోతే చాలామంది తాడు పట్టుకుని లాగుతారు, అట్లా లాగితే మనిషి దక్కదు, పొట్ట మీద నెమ్మదిగా రుద్దాలి. మధ్య మాట ఊఁ కింద పోయింది.

సైదులు, "ఏమైందమ్మా?" అన్నాడు.

"నొక్కు" అంది ఆమె నాతో.

మీట నొక్కి మైకు ఆమె నోటి దగ్గర పెట్టాను. అటువైపు డాక్టరు గారున్నారు, హవల్దారు ఉన్నాడు, ఆ సెట్టు చుట్టూ క్యాంపులో సగం మంది చేరి ఉంటారు. ఇటు పక్కనే సైదులు ఉన్నాడు. అదంతా ఆమెకు తెలుసు.

"డాక్టరు గారూ, నాకు పురుడు పోయడం రాదు. టీకాలు, కట్లు తప్ప ఏమీ తెలియదు. ఇంతవరకూ ఒక్క పురుడూ పోయలేదు. పోశానని అందరికీ చెప్పుకున్నాను. పలక పట్టిన పిల్లకు చెప్పినట్టు మొదటినుంచి చెప్పండి. మధ్యలో మాట్లాడను."

ఆ రోజు మూసీని చూసి బెదిరాను, నెత్తురు చూసి బెదిరాను. ఈ మాట విన్నప్పుడు మాత్రం నిలువునా రాయినయ్యాను. సైదులు నోరు తెరిచి ఆమె వైపు చూశాడు. ఏమైనా అంటాడనుకున్నాను. వాడు పిల్లవాణ్ణి ఇంకాస్త దగ్గరికి హత్తుకున్నాడు, అంతే.

ఆ తర్వాత మైకు నా చేతిలోనే ఉంది. డాక్టరు గారు చెప్పడం, ఆమె చెయ్యడం. పిల్లవాణ్ణి తల్లి రొమ్ముకు పట్టించింది. పొట్ట మీద రుద్దింది. చాలాసేపటికి మాయ దానంతటదే పడింది. సైదులు దేవుడికి దండం పెట్టుకున్నాడు. కానీ నెత్తురు ఆగలేదు. డాక్టరు గారు ఇంకేదో చెప్పారు. ఆమె కళ్లు మూసుకుని విని, చేతులు సబ్బుతో కడిగి, ఒక చెయ్యి లోపలికి, ఇంకో చెయ్యి పొట్ట పైనుంచి, మధ్యలో గర్భసంచిని అదిమి పట్టింది. లారీ వచ్చేదాకా వదలకూడదట. రెండు చేతులూ ముత్యాలమ్మకే సరిపోయాయి. ఇక ఆమెకు మిగిలినవి చెవులు మాత్రమే.

డాక్టరు గారు ఆగకుండా మాట్లాడుతూనే ఉన్నారు. చేతులు సడలనివ్వొద్దని, ఇట్లాగే పట్టమని. ఆమె అలవాటు మానలేక ఊఁ అంటూనే ఉంది. నేను మీట నొక్కలేదు. ఆ ఊఁలు సూర్యాపేటకు పోవడం లేదు. ముల్లు కదలడం లేదు.

అప్పుడు ముత్యాలమ్మ కళ్లు తెరిచింది.

"అక్కా, కాళ్లు సల్లవడుతున్నయ్."

"ఊఁ" అంది సుగుణమ్మ.

"పిలగాడు పాలు తాగిండా?"

"ఊఁ."

"నేను వోతే వాన్ని మా యమ్మకియ్యమను. ఈయన సాదలేడు."

"ఊఁ. ఊఁ."

సుగుణమ్మ చెవుల మీద ఇనుము, తోలు, డాక్టరు గారి గొంతు. ముత్యాలమ్మ మాట ఒక్కటీ ఆమెకు వినపడటం లేదు. ఆమె ఊఁ అంటున్నది డాక్టరు గారికి. అది ఆయనకు చేరడం లేదు. చేరుతున్నది ఈ పిల్లకు. ఇద్దరి మధ్యా మైకు పట్టుకుని ఉన్న నా ఒక్కడికే ఇది తెలుసు. టోపీ ఒక పక్క ఎత్తి చెబుదామా అనుకున్నాను. ఎత్తితే డాక్టరు గారి మాట తప్పిపోతుంది. ఆ ఊఁ నీకు కాదని ముత్యాలమ్మకు చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఊఁ వినపడ్డప్పుడల్లా ఆ పిల్ల ఇంకో మాటకు ఊపిరి కూడగట్టుకుంటోంది. వాళ్ల బర్రె గురించి చెప్పింది. వాళ్లమ్మ చేసే సర్వపిండి గురించి చెప్పింది. మాటలు ఆగితే నేను భయపడేవాణ్ణి, మళ్లీ ఒక ఊఁ, మళ్లీ ఒక మాట.

పొద్దు వాలేసరికి రాళ్ల దారి అంచులు నీళ్లపైకి తేలాయి. అవతలి ఒడ్డునుంచి మిలిటరీ లారీ నెమ్మదిగా దిగి, నీళ్లు చీల్చుకుంటూ ఇటు వచ్చింది. దాంట్లో ఉన్న సెట్టు నుంచే దారంతా మాట్లాడుతూ వచ్చిన డాక్టరు గారు మోకాళ్ల దాకా తడిసి దిగారు. వ్యానెక్కి చూసి, "చేతులు తీయండి సిస్టర్, నేను పట్టుకుంటా" అన్నారు. ఆమె ఇంకా ఆయన గొంతు టోపీలోంచి రావాలని చూస్తోంది. నేను ప్లగ్గు లాగి, టోపీ తీశాను. చేతులు మాత్రం ఆమె తీయలేకపోయింది. బిగుసుకుపోయాయి. డాక్టరు గారే వేళ్లు ఒక్కొక్కటిగా విడదీశారు.

ముత్యాలమ్మ బతికింది. సుగుణమ్మ గొప్పలు కూడా బతికాయి. తర్వాతి సంత నాటికి మూసీ తనను చూసి వెనక్కి తగ్గిందని చెప్పుకుంటోంది. నేనూ పక్కన నిలబడి, నీళ్లు వ్యాను కిటికీల దాకా వచ్చాయని సాక్ష్యం చెప్పాను. చక్రాలకు కూడా తగల్లేదు. పురుళ్ల మాట ఒక్కటి మాత్రం మారింది. "ఎన్ని వోసినవమ్మా?" అని ఎవరైనా అడిగితే, "ఒకటి. అదీ సగమే" అనేది. ఆ నెల నుంచే డాక్టరు గారి దగ్గర ఆ పని మొదటినుంచి నేర్చుకోవడం మొదలుపెట్టింది, తనకన్నా సగం వయసున్న ఆడపిల్లల పక్కన బెంచీ మీద కూర్చుని.

పిల్లవాడికి టీకా వేయించడానికి చలికాలంలో ముత్యాలమ్మ వచ్చింది. బుగ్గలు నిండాయి. దవాఖాన వరండాలో అందరి ముందూ సుగుణమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఆనాడు నా పానం గీ అక్క ఊఁ మీదనే ఆగింది. ఇంకొక్క మాట జెప్తే ఇంకొక్క ఊఁ అంటదని, గందుకే మాట్లాడుకుంట ఉన్న. మా యమ్మ గూడ నా మాట గట్ల ఇనలే."

సుగుణమ్మ నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. ఆమెకు సంగతి అర్థమయింది. మెల్లగా బల్ల మీద కూర్చుంది. ఎవరూ ఏమీ అడగడం లేదు, ఊరుకుంటే సరిపోయేది. ఆమె ఊరుకోలేదు.

"ముత్యాలమ్మా, నీకు నిజం చెబుతా. ఆ రోజు నా చెవుల నిండా టోపీ ఉంది. నువ్వు చెప్పింది నాకు ఒక్క ముక్క వినపడలేదే తల్లీ. ఆ ఊఁలు డాక్టరు గారికి."

ముత్యాలమ్మ పిల్లవాణ్ణి ఈ చంకనుంచి ఆ చంకకు మార్చుకుంది. నవ్వింది.

"నేను నీకు వినొయ్యకుంటే ఏమాయె అక్కా. నువ్వు నాకు వినొచ్చినవ్ గద. అప్పుడు విననివి ఇప్పుడు జెప్త, విను" అని, ఆమె పక్కనే బల్ల మీద కూర్చుంది. బర్రె దగ్గర మొదలుపెట్టింది. సుగుణమ్మ టీకా పక్కన పెట్టి, మొత్తం వింది. నాకు తెలిసి ఆమె ఊఁ అనకుండా విన్నది ఆ ఒక్కసారే. కొంగు నోట్లో కుక్కుకుని ఉంది మరి.

ఇప్పుడు నా కుడి చెవి పూర్తిగా పోయింది, ఎడమది సగం. అయినా సాయంత్రాలు మా అరుగు మీద ఎవరో ఒకరు వచ్చి కూర్చుని తమ గోడు చెప్పుకుంటారు. కొడుకు సంగతో, కోర్టు సంగతో, మోకాళ్ల సంగతో. నేను ఊఁ అంటాను. వాళ్లు చెప్పడం అయ్యాక, కళ్లు తుడుచుకోవడం అయ్యాక, "సగం వినొయ్యలే బిడ్డా, దగ్గరికొచ్చి మల్ల జెప్పు" అంటాను. ఇంతవరకూ ఒక్కరూ కోపం చేసుకోలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుని, మొదటినుంచి చెబుతారు.